గోధుమ పడటం లేదా? చపాతీ మానేసే ముందే పరీక్ష చేయించుకోండి

గాజువాకలో ఉండే మా వదినకు మూడేళ్లుగా రక్తం తక్కువే. ఐరన్ మాత్రలు వాడినన్నాళ్లూ కొంచెం పెరిగేది, ఆపగానే మళ్లీ పడిపోయేది. కడుపు ఉబ్బరాన్ని గ్యాస్ అనుకుంది, నోటిపూతను వేడి అనుకుంది. చివరికి ఎవరో పంపిన వీడియో చూసి చపాతీలు మానేసింది. ఒళ్లు తేలికపడింది. కొన్ని నెలలయ్యాక, గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బేమోనని రక్తపరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది. మీకు ఆ చిక్కు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు రాసి పెట్టుకోండి

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా అన్నీ గోధుమ నుంచి వచ్చేవే. రెండు వారాలపాటు ఏం తిన్నారో, ఎన్ని గంటలకో, తర్వాత ఒంట్లో ఎలా ఉందో నోట్‌బుక్‌లో రాయండి. పూరీ, మైసూరు బజ్జీ సులువుగానే గుర్తొస్తాయి. మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారన్నది చాలామందికి తట్టదు. మార్కెట్లో దొరికే ఇంగువలో తరచూ మైదా కలుస్తుంది. మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది.

కడుపు ఒక్కటే చూడకండి

విరేచనాలు, ఉబ్బరం, నొప్పి మాత్రమే కాదు, కొందరికి మలబద్ధకం ఉంటుంది. కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు. తగ్గని రక్తహీనత, విపరీతమైన నీరసం, నోటిపూత, మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద దురదపెట్టే నీటి పొక్కులు, అరికాళ్ల తిమ్మిర్లు, ఎముకలు పలచబడటం, పదేపదే గర్భస్రావం కావడం, పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం కూడా సీలియాక్ జబ్బు వల్ల రావచ్చు. ఈ జబ్బులో గ్లూటెన్ తిన్నప్పుడల్లా మన రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అందుకే తిన్నది ఒంటికి పట్టదు. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ జబ్బున్నా, మీకు టైప్ 1 షుగర్ గానీ, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ గానీ ఉన్నా ఇంకా జాగ్రత్తపడాలి.

2016లో వెలువడిన ఒక అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. మన దగ్గర అరుదు కాబట్టే డాక్టర్‌కు మొదట ఇది తట్టకపోవచ్చు. మీరే నోట్‌బుక్ ముందు పెట్టి అడగండి.

పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. పరీక్ష వెతికేది ఈ జబ్బున్నవాళ్లు గ్లూటెన్ తిన్నప్పుడు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. గ్లూటెన్ ఆపేస్తే అవి మెల్లగా తగ్గిపోతాయి. అన్నం తినే మన ఇళ్లలో మామూలుగానే గోధుమ తక్కువ, ఆ కాస్తా మానేస్తే ఫలితం నమ్మలేం. మా వదిన డాక్టర్ సలహాతో మళ్లీ ఆరు వారాలు, రోజుకు రెండు పూటలు గోధుమ తినాల్సి వచ్చింది. ఆ ఆరు వారాలూ ఎంత బాధపడిందో కళ్లారా చూశాను. ఒక్క హెచ్చరిక: గోధుమ తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది అలర్జీ కావచ్చు. అలాంటివాళ్లు పరీక్ష కోసమని మళ్లీ తినకూడదు. ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఏ పరీక్షలు అడగాలి?

గ్యాస్ట్రో ఎంటరాలజిస్ట్‌ను కలవండి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఆ విభాగం ఉంది, రామ్‌నగర్ చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. మొదట సీలియాక్ యాంటీబాడీలను వెతికే టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష, దాంతోపాటే టోటల్ ఐజీఏ (ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ). రెండోది ఎందుకంటే, కొందరి ఒంట్లో ఐజీఏనే తక్కువగా ఉంటుంది, అప్పుడు మొదటిది తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. వాళ్లకు ఐజీజీ రకం టీటీజీ లాంటి వేరే పరీక్ష చేస్తారు.

పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదట్లో నాలుగైదు చోట్ల చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతారు. టెన్షన్ పడాల్సిన పని లేదు. అయితే గ్యాస్ కోసమని చేసే ఎండోస్కోపీలో పైపైన చూసి వదిలేయవచ్చు, కాబట్టి సీలియాక్ అనుమానం ఉందని ముందే చెప్పండి. జన్యు పరీక్ష నెగెటివ్ అయితే జబ్బు దాదాపు లేనట్టే, పాజిటివ్ అయినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఒక్క రక్తపు చుక్కతో వంద పదార్థాలు పడవని తేల్చే ఐజీజీ ఫుడ్ ప్యానెళ్లకు మాత్రం డబ్బు తగలేయకండి.

అన్నీ నెగెటివ్ వచ్చినా గోధుమతో ఇబ్బంది తగ్గకపోతే, పాలు పడకపోవడం, పేగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి లాంటివి కూడా డాక్టర్ చూస్తారు. ఆ తర్వాతే డైటీషియన్ సాయంతో కొన్ని వారాలు గోధుమ ఆపి, మళ్లీ తిని తేడా గమనించాలి.

సీలియాక్ అని తేలితే గ్లూటెన్ జీవితాంతం మానాలి. ఇడ్లీ, అన్నం, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), జొన్నలు హాయిగా తినొచ్చు. కానీ గోధుమ ఆడిన మిల్లులోనే చోడిపిండి ఆడిస్తే ప్రయోజనం లేదు. మా వదినకు బయాప్సీలో జబ్బు బయటపడింది. ఇప్పుడు చోళ్లు ఇంట్లోనే మిక్సీ పట్టుకుంటోంది. పిల్లలిద్దరికీ వాళ్లు చపాతీ తింటున్నప్పుడే రక్తపరీక్ష చేయించింది.