బకెట్ నీళ్లతో శ్రుతి చేసే ఒంటితీగ

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసమొద్దు తొలిచి వీణ చేస్తారు. చూపిద్దామని మా ట్యూషన్ పిల్లల్ని తీసుకెళ్తే ఒకమ్మాయి వీణ మెట్ల దగ్గరే (తీగల కింద వరసగా ఉండే అడ్డకడ్డీలు) ఆగిపోయింది. "మాస్టారూ, కుండ వైపు వచ్చేకొద్దీ మెట్లు ఇరుకైపోతున్నాయేంటి?" (కుండ అంటే వీణకి ఒక చివర ఉండే గుండ్రటి బోలు భాగం.) అక్కడ నోటితో ఎంత చెప్పినా దానికి ఎక్కలేదు. విజయనగరం తిరిగొచ్చాక ఒంటితీగ కట్టి చూపించాను. గంట పని, మీరూ కట్టుకోవచ్చు.

మీటరు పొడవు పాత చెక్కపలక, ఆరు పలకల పెన్సిళ్లు మూడు (గుండ్రటివైతే దొర్లిపోతాయి), చిన్న ప్లాస్టిక్ బకెట్, గిటారు తీగల్లో అన్నిటికంటే సన్నది. డబ్బులెందుకని నేను ముందు మోటారు వైండింగ్ రాగితీగ కట్టాను. నీళ్లు పోస్తుంటే అది సాగీ సాగీ, బకెట్ వెళ్లి నేలమీద కూర్చుంది. ఉక్కుతీగే కొనండి.

పలకని బల్లమీద, దాని చివర బల్ల అంచుతో సమంగా ఉండేలా పెట్టండి. ఆ చివరికి 75 సెంటీమీటర్ల దూరంలో పలకకే మేకు కొట్టండి. (బల్లకి కొడితే ఇంట్లో ఊరుకోరు.) తీగని మేకుకి తగిలించి, అంచు మీద గుడ్డ మడత వేసి, దాని మీదుగా కిందికి దించి బకెట్ కట్టండి. తీగ కింద రెండు పెన్సిళ్లు, మధ్య సరిగ్గా 60 సెంటీమీటర్లు. మొహం తీగకి దూరంగా ఉంచండి, తెగితే కొరడాలా కొడుతుంది.

బకెట్‌తో కలిపి కిలోన్నర అయ్యేలా నీళ్లు పోసి మీటండి. అదే మీ షడ్జమం, అంటే 'స'. దాన్ని పై షడ్జమానికి, అంటే సరిగమపదని తర్వాత మళ్లీ వచ్చే 'స'కి తేవాలంటే బరువు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు కావాలి. అంటే 6 కిలోలు. మగ్గుతో పోస్తూ మధ్యమధ్య మీటుతుంటే శ్రుతి ఎక్కడం చెవికి తెలుస్తుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. మూడో పెన్సిలే వీణ మెట్టు అనుకోండి. దాన్ని తీగ కింద జరుపుతూ, దాని వెనక వేలితో తీగని నొక్కి, ముందున్న ముక్కనే మీటండి. ముక్క 45 సెంటీమీటర్లుంటే శుద్ధ మధ్యమం ('మ'), 40కి పంచమం ('ప'), 30కి పై షడ్జమం. ఒక్కో స్వరస్థానం ('స' నుంచి పై 'స'కి ఇలాంటి మెట్లు పన్నెండు) ఎక్కడానికి, అప్పటికి మిగిలిన పొడవులో నూటికి సుమారు 5.6 వంతులు తగ్గించాలి. 60 నుంచి 56.6, అక్కణ్నుంచి 53.5. మొదటి మెట్టుకి 3.4 సెంటీమీటర్లు జరిగితే, పన్నెండో మెట్టుకి 1.8 మాత్రమే. తగ్గించే వంతు ఒకటే, తగ్గేది మాత్రం చిన్నదవుతూ పోతుంది. వీణకి 24 మెట్లు కదా, ఇదే కొలతైతే ఆఖరిది తీగ 15 సెంటీమీటర్లు మిగిలేచోట పడుతుంది.

ఇంతా చేస్తే శబ్దం పీలగా ఉందని పిల్లలు పెదవి విరిచారు. చీపురుపుల్లతో విసురుకుంటే గాలొస్తుందా? తీగా అంతే, గాలిని చీల్చుకుని పోతుంది. విసనకర్రలాంటి వెడల్పు చెక్క దాంతోపాటు కదలాలి. పలక కింద ఖాళీ చెక్కపెట్టె పెట్టి మీటితే గట్టిగా మోగి చప్పున ఆరిపోయింది. సిమెంటు అరుగు మీదైతే సన్నగానే, కానీ చాలాసేపు. పెట్టె కొత్తగా శబ్దం పుట్టించదు, తీగ దగ్గరున్నదే తొందరగా గాలికి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత వాళ్లు అట్టపెట్టె, స్టీలు బిందె, నూనెడబ్బా అన్నీ పెట్టి చూశారు. నూనెడబ్బా గోల భరించలేక నేనే బకెట్ విప్పేశాను.