ఇంగ్లీష్ పరీక్షలో మార్కులు ఎక్కడ జారిపోతున్నాయి? లక్షణం చూసి మందు వేద్దాం

స్కూల్ ఫైనల్ పరీక్షకు ఇంగ్లీష్ ప్రాక్టీస్ అనగానే చాలామంది గ్రామర్ పుస్తకం మొదటి పేజీ తెరుస్తారు. నామవాచకాల దగ్గర వారం, సర్వనామాల దగ్గర వారం గడిచేసరికి ఓపిక అయిపోతుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ వరసగా మింగడం లాంటిది ఇది.

దానికి బదులు ఈమధ్య రాసిన మూడు పేపర్లు ముందేసుకోండి. మార్కు పోయిన ప్రతి చోటా పెన్సిల్‌తో కారణం రాయండి. రూల్ తెలియదా, తెలిసీ చేతికి రాలేదా, పదం తెలియదా, ప్రశ్న సరిగా చదవలేదా, టైం చాలలేదా? ఎక్కువసార్లు వచ్చిన తప్పు పైన ఉండేలా ఒక జాబితా రాసుకోండి. ఒక్క గంట పని. నేను చూసిన పేపర్లలో ఎప్పుడూ ఎక్కువగా కనిపించేది ‘తెలిసీ చేతికి రాలేదు’ అన్నదే. దానికి కారణం బద్ధకం కాదు. మనం తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాస్తాం. రెండు భాషలూ కలవని చోట తప్పు దొర్లుతుంది. ఆ చోట్లు లెక్కకు కొన్నే.

టెన్స్ టేబుల్ మొత్తం అప్పజెబుతారు, ఖాళీ పూరించమంటే తప్పు

దీని మూలం మన క్రియల్లోనే ఉంది. ‘అన్నయ్య రోజూ డైరీ రాస్తాడు’, ‘అన్నయ్య రేపు ఉత్తరం రాస్తాడు’. తెలుగులో రెండు చోట్లా ‘రాస్తాడు’ అంటే సరిపోయింది. ఇంగ్లీషులో మొదటిది ‘రైట్స్’, రెండోది ‘విల్ రైట్’. అలాగే ‘చూశాను’ అనే ఒక్క మాట ‘సా’ కావచ్చు, ‘హ్యావ్ సీన్’ కావచ్చు. ‘ఐదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అన్నదాన్ని ఉన్నదున్నట్టు మారిస్తే ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అవుతుంది. రావాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’. చాలాకాలం నేనూ ఈ తప్పే రాశాను, పైగా ధీమాగా.

అందుకని ఖాళీ కనిపించగానే క్రియ జోలికి వెళ్లకండి. ముందు కాలం చెప్పే మాట వెతకండి. ‘ఎస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘అగో’, ‘ఇన్ 2015’ లాంటివి ఉంటే సింపుల్ పాస్ట్. అక్కడ ‘హ్యావ్’ అడుగుపెట్టకూడదు. ‘సిన్స్’ ఉంటే పర్ఫెక్ట్ వైపు చూడండి. పరీక్ష పేపర్లలో ‘ఆల్రెడీ’, ‘యెట్’, ‘జస్ట్’ కూడా దాదాపు ఎప్పుడూ అటే చూపిస్తాయి. పని మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, ఎంతకాలమో చెబితే ‘ఫర్’. వాక్యంలో జరిగిపోయిన పనులు రెండుంటే తెలుగులో ఒకసారి చెప్పి చూడండి. ‘మేం స్టేషన్‌కి వెళ్లేసరికి అప్పటికే రైలు వెళ్లిపోయింది’. ‘అప్పటికే’ అని ఏ పని ముందు పెట్టగలిగారో ‘హ్యాడ్’ దానికే: ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’.

ఒక చోట మాత్రం తెలుగును కళ్లు మూసుకుని నమ్మొచ్చు. తెలుసు, కావాలి, ఇష్టం అనేవాటిని మనం ‘-తున్నాను’లో పెట్టం. ఇంగ్లీషులోనూ ‘నో’, ‘వాంట్’, ‘లైక్’ మామూలుగా ‘-ఇంగ్’ తీసుకోవు. ‘ఐ యామ్ నోయింగ్’ రాసినవాళ్లు తెలుగులో అనుకుని ఉంటే తప్పించుకునేవాళ్లే!

ప్రాక్టీస్ ఎలాగంటే, రోజుకు యాభై ఖాళీలు వద్దు, పది చాలు. ప్రతిదాని పక్కనా ఏ మాట చూసి ఆ టెన్స్ వేశారో రాయాలి. కారణం రాయలేకపోతే జవాబు కరెక్టే అయినా తప్పు కిందే లెక్క.

‘ఎ’, ‘యాన్’, ‘ద’ గుడ్డిగా వేస్తున్నారు

తెలుగులో ఆర్టికల్స్ లేవు. లేనిదాన్ని చెవి వెతకదు, అందుకే మొత్తానికి వదిలేస్తాం, లేదా కనపడ్డ ప్రతి పేరు ముందూ ‘ద’ తగిలిస్తాం.

‘యాన్’ సంగతి మనకు అందరికంటే సులువు. పదాన్ని తెలుగు లిపిలో రాయండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ఇంగ్లీష్ స్పెల్లింగ్ మోసం చేస్తుంది, మన లిపి చేయదు. అవర్, ఆనెస్ట్ మ్యాన్, ఎక్స్-రే అన్నీ అచ్చులే, కాబట్టి ‘యాన్’. యూనివర్సిటీ, యూరోపియన్, వన్-వే రోడ్ హల్లులు, కాబట్టి ‘ఎ’. ఒక్క జాగ్రత్త: కొందరం ‘ఎగ్’ని ‘యెగ్’ అని, ‘ఓపెన్’ని ‘వోపెన్’ అని పలుకుతాం. అలా రాసుకుంటే లెక్క తప్పుతుంది.

‘ఎ’నా ‘ద’నా అన్నదానికి, ఆ మాట వినగానే ఎదుటివాళ్లు ‘ఏది?’ అని అడుగుతారా అని ఆలోచించండి. అడిగేలా ఉంటే ‘ఎ’. వాళ్లకు ముందే తెలిసిందైతే, లేదా సూర్యుడిలా ఒక్కటే ఉన్నదైతే ‘ద’. వృత్తుల దగ్గర తెలుగు ముంచుతుంది. ‘ఆవిడ డాక్టర్’ అంటాం, ‘ఒక’ అనం. ఇంగ్లీషులో మాత్రం ‘షి ఈజ్ ఎ డాక్టర్’ అనాల్సిందే. సలహాలు, సమాచారాలు అని మనం బహువచనం చేస్తాం గానీ ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’ పదాలకు ‘ఎస్’ చేరదు, ముందు ‘ఎ’, ‘యాన్’ కూడా రావు.

ప్రిపోజిషన్లు ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు

నిలవవు. ఎందుకంటే దీనికి నికరమైన రూల్ లేదు. మన ‘కి’ ఒక్కటే ‘ఐదింటికి’లో ‘ఎట్’, ‘బడికి’లో ‘టు’ అవుతుంది. ‘సోమవారం వస్తాను’లో తెలుగుకు ఏమీ అక్కర్లేదు, ఇంగ్లీషుకు ‘ఆన్’ కావాలి. కాబట్టి జంటగా బట్టీ పట్టడమే దారి: ‘గుడ్ ఎట్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘డిపెండ్ ఆన్’, ‘మ్యారీడ్ టు’. ఏమీ చేర్చకూడనివాటికి ఇంకో చిన్న జాబితా పెట్టుకోండి: ‘డిస్కస్’, ‘రీచ్’, ‘రిజెంబుల్’. ‘దాని గురించి చర్చించాం’లోని ‘గురించి’ జారి వచ్చి ‘డిస్కస్డ్ అబౌట్’ అవుతుంది. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇది ఇష్టమైన వల.

క్వశ్చన్ ట్యాగ్ అంటే అన్నిటికీ ‘ఈజింట్ ఇట్’

మనకు ‘కదా’ ఒక్కటే, ఏ వాక్యానికైనా అతుకుతుంది. ఇంగ్లీషులో వాక్యంలో ఉన్న సహాయక క్రియే తిరిగి రావాలి, అవునుకు కాదు, కాదుకు అవును. సహాయక క్రియ కనిపించకపోతే ‘డు’, ‘డజ్’, ‘డిడ్’. ‘హార్డ్‌లీ’, ‘నెవర్’, ‘నోబడీ’ ఉన్న వాక్యాన్ని కాదు కింద లెక్కేయండి. ‘లెట్స్’కి ‘షల్ వి’, ‘ఐ యామ్’కి ‘ఆరింట్ ఐ’. ఇంతకంటే దీనిమీద టైం పెట్టక్కర్లేదు.

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ దగ్గర గందరగోళం

దోషం ‘అని’ది. ‘రేపు నేను వస్తాను’ అని రవి అన్నాడు. అన్న మాటను అలాగే ఉంచి చివర ‘అని’ తగిలిస్తే మనకు పని అయిపోతుంది. అందుకే ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘ఐ’, ‘టుమారో’ చెక్కుచెదరకుండా ఉండిపోతాయి.

మధ్యలో ఒక మెట్టు వేసుకోండి. వాక్యాన్ని ముందు వార్తాపత్రిక తెలుగులోకి మార్చండి: ‘తాను మర్నాడు వస్తానని రవి అన్నాడు’. చూశారా, ‘నేను’ కాస్తా ‘తాను’ అయింది, ‘రేపు’ కాస్తా ‘మర్నాడు’ అయింది. సగం పని తెలుగే చేసిపెట్టింది. మిగిలింది క్రియను ఒక మెట్టు వెనక్కి నెట్టడం, ‘విల్’ని ‘వుడ్’ చేయడం: ‘రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే’.

ప్రశ్నలైతే ‘వచ్చావా’ రకానికి ‘ఇఫ్’, ‘ఎక్కడ’, ‘ఎందుకు’ రకానికి ఆ ప్రశ్న పదమే. ఆ తర్వాత వాక్యం మామూలు వరసలో నడవాలి: ‘హి ఆస్క్డ్ మి వేర్ ఐ లివ్డ్’. అక్కడ ‘డిడ్’ ఉండదు, చివర ప్రశ్న గుర్తు కూడా ఉండదు.

పదాలు వారంలో మాయం

జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తనే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో వేగంగా పని చేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది అని తేలింది. ఆదివారం కూర్చుని వంద పదాలు చదివి, మళ్లీ ఆదివారం దాకా పుస్తకం తెరవకపోతే పోక ఏమవుతాయి?

రోజుకు పది పదాలు తీసుకోండి. ఆ సాయంత్రమే ఒకసారి, మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు చూడండి. చూడటమంటే చదవడం కాదు. అర్థం మీద చెయ్యి పెట్టి గుర్తు తెచ్చుకోవాలి. గుర్తు రాక కాసేపు బుర్ర గోక్కున్న పదమే తర్వాత బాగా నిలుస్తుంది. వచ్చిన పదం తర్వాతి గడువుకు వెళ్తుంది, రానిది మళ్లీ మొదటికి.

అర్థం తెలిసీ వాక్యంలో తప్పుతుంటే కారణం వేరు. మనం తప్పు ‘చేస్తాం’, హోమ్‌వర్కూ ‘చేస్తాం’. ఇంగ్లీష్ వాళ్లకు మొదటిది ‘మేక్’, రెండోది ‘డు’. అందుకే పదాన్ని ఒంటరిగా రాసుకోకండి, ‘మేక్ ఎ మిస్టేక్’ అని దాని తోడుతో రాసుకోండి. ఇంగ్లీష్ నుంచి మన వాడుకలోకి వచ్చిన మాటలతో ఇంకా ప్రమాదం. క్లాసులో ‘ఒక డౌట్’ అంటే మన ఉద్దేశం ప్రశ్న. ఇంగ్లీషులో ‘డౌట్’ అంటే నమ్మకం లేకపోవడం, సందేహించడం. వ్యాసంలో ‘క్వశ్చన్’ అని రాయండి.

పదం సరైన రూపం రాయమనే ప్రశ్నకు తెలుగులో చక్కని కొలబద్ద ఉంది. అందం, అందమైన, అందంగా. ఖాళీలో వీటిలో ఏది ఇముడుతుందో చూడండి. మొదటిదైతే ‘బ్యూటీ’, ‘-మైన’ అయితే ‘బ్యూటిఫుల్’, ‘-గా’ అయితే ‘బ్యూటిఫుల్లీ’. ‘విజయం, విజయవంతమైన, విజయవంతంగా’ కూడా అంతే. ఒక్క చోట ఇది దెబ్బతీస్తుంది. ‘అందంగా ఉంది’, ‘అందంగా కనిపిస్తోంది’ అంటాం కానీ ‘ఈజ్’, ‘లుక్స్’, ‘సీమ్స్’, ‘ఫీల్స్’ తర్వాత ‘-లీ’ లేని రూపమే రావాలి: ‘షి లుక్స్ బ్యూటిఫుల్’.

ప్యాసేజ్ అర్థమైంది, జవాబులే తప్పు

ఇది తెలివైన పిల్లలకు వచ్చే జబ్బు. ప్యాసేజ్ దేని గురించో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి సొంత జ్ఞానంతో జవాబు రాసేస్తారు. దానికి ఒకటే చికిత్స: ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద గీత గీయాలి. గీత దొరకకపోతే జవాబు మీది, ప్యాసేజ్‌ది కాదు. ప్యాసేజ్‌లో అసలు చెప్పని సంగతిని ‘ఫాల్స్’ అనడం కూడా ఇలాంటిదే. ‘చెప్పలేదు’ అనే ఆప్షన్ ఉంటే అదే జవాబు. ఆప్షన్లలో ‘ఆల్’, ‘ఓన్లీ’, ‘నెవర్’ కనిపిస్తే రెండోసారి చదవండి. ప్యాసేజ్‌లోని మాటలే అచ్చంగా ఉన్న ఆప్షన్‌ను వెంటనే నమ్మకండి. సరైన జవాబు తరచూ వేరే మాటల్లో ఉంటుంది.

చదవడమే నెమ్మదిగా ఉంటే, లోపల అనువాదం నడుస్తోందన్నమాట. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటే వస్తుంది. వాక్యాన్ని తెలుగు చేయాలంటే చివరిదాకా వెళ్లి వెనక్కి రావాలి, ప్రతి లైనుకూ రెండు ప్రయాణాలు. బదులుగా ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కలు ముందు పట్టుకుని, మిగతాది ముక్కలు ముక్కలుగా అదే వరసలో తీసుకోండి. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, వదలకండి. ‘అన్‌లెస్’ లాంటి చోట్ల మాత్రం తెలుగు సాయం తీసుకోండి. ‘చదివితే తప్ప పాసవవు’ అంటాం కదా, ఆ ‘తప్ప’ దానికి సరిగ్గా సరిపోతుంది. ‘కాకపోతే’ అనే అర్థం అందులోనే ఉంది కాబట్టి దాని పక్కన ఇంకో ‘నాట్’ పెట్టకూడదు.

తెలియని పదం దగ్గర ఆగిపోతుంటే చుట్టుపక్కల చూడండి. ‘ద రివర్, వన్స్ టర్బిడ్, ఈజ్ నౌ క్లియర్’. ‘టర్బిడ్’ ఎప్పుడూ వినకపోయినా ‘ఒకప్పుడు’, ‘ఇప్పుడు తేటగా’ అన్న మాటలు బురద అని చెప్పేశాయి. అయితే ఈ ఊహ పని చేయాలంటే మిగతా మాటలు తెలిసి ఉండాలి. ఎవరి సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే వందకు 98 పదాలు తెలిసి ఉండాలని పదసంపద మీద పనిచేసిన పరిశోధకుల లెక్క. కాబట్టి రోజూ చదవడానికి తీసుకున్న పేజీలో ప్రతి లైనుకూ ఒక కొత్త పదం తగులుతుంటే అది మీకు ఇప్పుడే వద్దు. ఇంకాస్త తేలికైంది తీసుకోండి, సిగ్గేం లేదు.

అన్నీ వచ్చు, పరీక్షలో టెన్షన్‌తో టైం చాలలేదు

ఇంట్లో గడియారం పెట్టుకోకుండా ప్రాక్టీస్ చేసినవాళ్లకే ఇది ఎక్కువ. చివరి మూడు వారాల్లో వారానికి ఒక పేపర్ పూర్తి టైం పెట్టి, మధ్యలో లేవకుండా రాయండి. చివరి పది నిమిషాలు వదిలి ఉంచి, మొదట్లో తయారుచేసుకున్న మీ తప్పుల జాబితాలో పైన ఉన్న మూడింటి కోసమే పేపర్ తిరగేయండి. నాకైతే ఆ మూడు ‘సిన్స్’, ‘డిస్కస్డ్ అబౌట్’, ‘హి’, ‘షి’ పక్కన క్రియకు చేర్చడం మర్చిపోయే ‘ఎస్’.