అమ్మాయికి నవోదయా, సైనిక్ స్కూలా?

రెండుచోట్లా ఆరో తరగతికి సీటొస్తే మొదట ఖర్చు చూడండి. నవోదయలో చదువు, హాస్టల్, భోజనం ఉచితం. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో మాత్రం ఫీజు కట్టాలి, ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఉంటుంది.

పాప సైన్యంలోకి వెళ్తానంటే సైనిక్ స్కూలుకే పంపండి. సైనిక అధికారులకు శిక్షణనిచ్చే ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) 2022 నుంచి అమ్మాయిలూ చేరుతున్నారు. పొద్దున్నే పరేడ్, ఆటలు ఇష్టమో కాదో తననే అడగాలి. మావారు, నేను మా పాపను అడిగాం. తనకు లెక్కలు, బొమ్మలు ఇష్టం. నవోదయ ఎంచుకున్నాం.

నవోదయలో ఒక విషయం ముందే చెప్పి ఉంచండి. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాదిపాటు హిందీ ప్రాంతపు నవోదయకు పంపుతారు. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. కానీ ఆ వయసులో హఠాత్తుగా తెలిస్తే పిల్లకి టెన్షన్.

ఏ స్కూలైనా సరే, అమ్మాయిల హాస్టల్ లోపలికి తల్లి వెళ్లి చూడాల్సిందే. బాత్రూముల్లో గడియలు, నీళ్లు సరిగ్గా ఉన్నాయా? నెలసరి వస్తే ప్యాడ్లు ఎవరిస్తారు, వాడినవి ఎక్కడ వేస్తారు? రాత్రి జ్వరమొస్తే ఎవర్ని లేపాలి? మేట్రన్‌ను నేరుగా అడగండి. ఆవిడ విసుక్కోకుండా జవాబిస్తే ఆ స్కూలుకి నేను ఎక్కువ మార్కులేస్తాను. ఫోన్ ఏ రోజుల్లో చేయనిస్తారో కూడా రాసుకోండి.