హెలికాప్టర్ నడపాలని ఉందా? పైలట్ కావడానికి దారి ఇదీ

ఊరి మైదానంలో హెలికాప్టర్ దిగుతుంటే పిల్లలందరూ పరుగెత్తుతారు. ఆ ముచ్చట పెద్దయ్యాక కూడా తీరలేదంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. అయితే అది చూసే ఇష్టమా, నడిపే ఇష్టమా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

1. యంత్రంతో పరిచయం పెంచుకోండి

ఎడమచేతి పక్కనుండే లివర్‌లాంటి కలెక్టివ్‌ను పైకి లాగితే పైన తిరిగే రోటర్ రెక్కలన్నిటి కోణం ఒకేసారి పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. కుడిచేతిలోని కర్రలాంటి సైక్లిక్‌ను ఎటు వంచితే అటు సాగుతుంది. పైన రోటర్ ఒకవైపు తిరుగుతుంటే కింద బాడీ రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపేది తోక రోటర్, దాని అదుపు పాదాల కింది పెడళ్లలో ఉంటుంది. ఒకదాన్ని కదిపితే మిగిలిన రెండింటినీ సరిచేయాలి. అందుకే నేలకు కొద్ది అడుగుల ఎత్తున కదలకుండా నిలపడం, అంటే హోవర్, కొత్తవారికి ముచ్చెమటలు పట్టిస్తుంది. ఈ మూడు కంట్రోళ్లూ ఉన్న సిమ్యులేటర్ దొరికితే కూర్చుని చూడండి. పదేపదే విఫలమైనా లేవబుద్ధి కాకపోతే, మీది నడిపే ఇష్టమే.

2. ఫీజుకన్నా ముందు వైద్య పరీక్ష

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్దేశించిన క్లాస్ 2, ఆపై క్లాస్ 1 వైద్య పరీక్షలు నెగ్గాలి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన పౌర విమానయానంలో దారి మూసుకుపోదు. రంగులు గుర్తించలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి.

3. చదువు, లైసెన్సు

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండటం మేలు. బైపీసీ వారు సార్వత్రిక విద్యాసంస్థ (ఓపెన్ స్కూల్) ద్వారా గణితం రాసుకోవచ్చు. స్టూడెంట్ లైసెన్సుకు 16 ఏళ్లు, కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. కమర్షియల్‌కు 150 గంటలు ఎగరాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, సాంకేతిక పేపర్లతో పాటు రేడియో పరీక్ష కూడా ఉంటుంది. వాతావరణ శాస్త్రాన్ని మార్కుల కోసం మాత్రం చదవకండి. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రతికూల వాతావరణంలో నల్లమలలో కూలిన సంగతి తెలుగువారెవరూ మరిచిపోలేదు. మబ్బులు చూసి వెనక్కి తిరగగలగడం కూడా పైలట్ విద్యలో భాగమే.

4. సైనిక మార్గాన్నీ చూడండి

వయసు, ఆరోగ్యం అనుకూలిస్తే నేనైతే ముందు దీన్నే సూచిస్తాను. ఎన్డీఏ, సీడీఎస్, ఆఫ్‌క్యాట్ పరీక్షల ద్వారా వాయుసేనలో చేరితే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. దుండిగల్‌లో అకాడమీ, హకీంపేటలో హెలికాప్టర్ శిక్షణ కేంద్రం ఉన్నాయి. అయితే ఫైటర్‌కా, రవాణా విమానానికా, హెలికాప్టర్‌కా అన్నది పూర్తిగా మీ చేతిలో ఉండదు. పైలట్ సామర్థ్య (ఆప్టిట్యూడ్) పరీక్షలో ఒకసారి తప్పితే మళ్లీ అవకాశం ఇవ్వరు. వాయుసేనలోనే కాదు, ఆర్మీలోనూ దారి ఉంది. 2022లో కెప్టెన్ అభిలాష బరాక్ ఆర్మీ విమానయాన దళంలో తొలి మహిళా కంబాట్ ఏవియేటర్ (పోరాట విధుల పైలట్) అయ్యారు.

5. ఉద్యోగం గురించి నిజం తెలుసుకోండి

సముద్రంలోని చమురు రిగ్గులకు సిబ్బందిని చేర్చడం, కేదార్‌నాథ్ యాత్రికులను తీసుకెళ్లడం, వీఐపీ ప్రయాణాలు వంటివి మన దేశంలో పౌర హెలికాప్టర్ పైలట్ల పనులు. 150 గంటల అనుభవంతో వెంటనే ఉద్యోగం దొరకడం కష్టం. వేల గంటలు ఎగిరిన మాజీ సైనిక పైలట్లతో పోటీ పడాలి. ఇంట్లోవాళ్లు అప్పు చేసే ముందే ఈ మాట వారికి చెప్పండి.

6. శిక్షణ సంస్థను ఎంచుకోండి

డీజీసీఏ ఆమోదం ఉందో లేదో మొదట చూడండి. ప్రస్తుతం ఎన్ని హెలికాప్టర్లు ఎగిరే స్థితిలో ఉన్నాయో, గత నెల ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరారో అడగండి. అక్కడ చదివి వెళ్లినవారితో మాట్లాడండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా, ఎగిరిన గంటల లెక్కన విడతలుగా కట్టేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.