శాప్ తప్పి ఎయిడ్ ఆగిపోతే: లెక్క ఎక్కడ తప్పింది, ఎలా సరిచేసుకోవాలి

అమెరికాలో కాలేజీకి వెళ్లే మన పిల్లల్లో సిటిజన్లకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఫెడరల్ ఎయిడ్, అంటే చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం, దొరుకుతుంది. ఎఫ్‌-1, హెచ్‌-4 వీసాల మీద ఉన్నవాళ్లకు రాదు. వచ్చిన ఎయిడ్ నిలవాలంటే మాత్రం శాటిస్‌ఫ్యాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ ఉండాలి. అందరూ దాన్ని శాప్ అంటారు. ఇందులో చూసేవి మూడే: జీపీఏ, పేస్ (తీసుకున్న క్రెడిట్లలో పాసైన శాతం), గరిష్ఠ గడువు (డిగ్రీ పూర్తిచేయడానికి ఇచ్చే క్రెడిట్ల హద్దు). ఎయిడ్ ఆగిందని మెయిల్ రాగానే అప్పీల్ రాయడానికి కూర్చోకండి. ఈ మూడింట్లో ఏది తప్పిందో ముందు తెలుసుకోండి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనిచేయదు.

సమస్య: ఫాఫ్సా (ఎయిడ్ దరఖాస్తు) టైముకే నింపాం, పోర్టల్‌లో మాత్రం ఎయిడ్ సున్నా

ఫాఫ్సా చూసేది ఇంటి ఆదాయం. శాప్ చూసేది పిల్లల చదువు. ఫాఫ్సాను మళ్లీ మళ్లీ సరిచేసి పంపితే శాప్ మారదు. పెల్ గ్రాంట్, డైరెక్ట్ లోన్లు, వర్క్‌-స్టడీ అన్నీ దీనికి కట్టుబడినవే. చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఇంకోటి ఉంది. పేరెంట్ ప్లస్ లోన్ మన పేరు మీద, మన క్రెడిట్ చూసి ఇచ్చేదే అయినా, శాప్ తప్పింది పిల్లాడే అయినా, అదీ ఆగిపోతుంది.

ఏం చేయాలి: ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి పిల్లల చేతే మెయిల్ పెట్టించి, మూడు అంకెలూ విడివిడిగా అడగమనండి. మనం ఫోన్ చేస్తే సాధారణంగా చెప్పరు. కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు ప్రైవసీ చట్టం ప్రకారం విద్యార్థిదే.

సమస్య: ముందస్తు హెచ్చరిక లేకుండా నేరుగా ఆపేశారు

ప్రతి సెమిస్టర్ శాప్ చూసే కాలేజీలు మాత్రమే ఒక సెమిస్టర్ పాటు వార్నింగ్ ఇవ్వగలవు. ఆ సెమిస్టర్‌కి అప్పీల్ లేకుండానే ఎయిడ్ వస్తుంది. ఏడాదికోసారి చూసే చోట వార్నింగ్ ఉండదు, నేరుగా ఆపేస్తారు. మీ కాలేజీ ఏ రకమో దాని శాప్ పాలసీలో రాసి ఉంటుంది. ఇక వార్నింగ్ ఇచ్చినా అది వెళ్లేది పిల్లల కాలేజీ మెయిల్‌కి. వాళ్లు దాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

సమస్య: జీపీఏ బాగానే ఉంది, అయినా శాప్ ఫెయిల్

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. తప్పింది పేస్. అంటే మొత్తం తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని పాసయ్యారన్న శాతం. చాలా కాలేజీల్లో అది 67 శాతం ఉండాలి. మధ్యలో వదిలేసి డబ్ల్యూ తెచ్చుకున్నా, ఇన్‌కంప్లీట్ పెట్టించుకుని గ్రేడ్ వాయిదా వేయించుకున్నా, ఎఫ్ వచ్చి ఫెయిలైనా ఆ క్రెడిట్లు తీసుకున్నట్టే లెక్క, పూర్తిచేసినట్టు కాదు. ‘జీపీఏ పాడవదు, డ్రాప్ చేసెయ్’ అని ఫ్రెండ్స్ ఇచ్చే సలహా సగమే నిజం.

ఒక ఉదాహరణ. ఫాల్‌లో 15 క్రెడిట్లు. 4 క్రెడిట్ల కెమిస్ట్రీలో డబ్ల్యూ, 4 క్రెడిట్ల కాల్క్యులస్‌లో ఎఫ్, మిగిలిన 7 క్రెడిట్లలో బి (క్రెడిట్‌కి 3 పాయింట్లు). పేస్ 15కి 7, అంటే 47 శాతం. జీపీఏలోకి డబ్ల్యూ రాదు కాబట్టి 11 క్రెడిట్ల మీద 21 పాయింట్లు, 1.91. డబ్ల్యూ ఒక్క పేస్‌నే దెబ్బతీసింది. ఎఫ్ రెండింటినీ దెబ్బతీసింది. స్ప్రింగ్‌లో 15కి 15 పాసైతే పేస్ 30కి 22, అంటే 73 శాతం. గట్టెక్కినట్టే.

సెలవుల్లో ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చేయించడం మనవాళ్లకు అలవాటే. పేస్‌కి ఇది మంచి మందు. ఆ క్రెడిట్లను పెద్ద కాలేజీ ఒప్పుకుంటే, తీసుకున్నవాటిలోనూ పూర్తిచేసినవాటిలోనూ కలుస్తాయి. జీపీఏ తక్కువైన పిల్లాడికి మాత్రం దీంతో పెద్దగా ఒరగదు. చాలా కాలేజీలు క్రెడిట్లు తీసుకుంటాయి కానీ అక్కడి గ్రేడ్‌ని తమ జీపీఏలో కలపవు. అలాంటప్పుడు ఎఫ్ వచ్చిన కోర్సును ఆ ఎఫ్ ఇచ్చిన కాలేజీలోనే మళ్లీ చేయడమే దారి. ఫీజు కట్టే ముందు అడ్వైజర్‌ని అడగండి.

ఇన్‌కంప్లీట్ తర్వాత గ్రేడ్‌గా మారితే శాప్ దానంతటదే మారుతుందని ఊరుకోవద్దు. మళ్లీ లెక్క చూడమని ఎయిడ్ ఆఫీసుని అడగాలి.

సమస్య: ఒక సెమిస్టర్ ఆగి వచ్చాం, అయినా ఇవ్వడం లేదు

ఇంట్లో కూర్చుంటే అంకెలు కదలవు. సొంత డబ్బుతో ఒక సెమిస్టర్ చదివినా, దాంతో శాప్ ప్రమాణం అందుకుంటేనే ఎయిడ్ తిరిగొస్తుంది. ఎయిడ్ లేకుండా చదివిన సెమిస్టర్లు కూడా లెక్కలోకి వస్తాయి.

సమస్య: మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చాక గడువు దాటిందన్నారు

అండర్‌గ్రాడ్‌కి గరిష్ఠ గడువు కోర్సు నిడివికి ఒకటిన్నర రెట్లు. 120 క్రెడిట్ల డిగ్రీకి 180 దాకా. 180 దాటేవరకూ ఆగరు కూడా. ఆ లోపు డిగ్రీ అవడం ఇక లెక్క ప్రకారం కుదరదని తేలిన రోజే ఎయిడ్ ఆగుతుంది. హైస్కూల్లో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద కాలేజీ కోర్సులు చేసి, ఇక్కడికి బదిలీ అయిన క్రెడిట్లూ ఇందులో ఉంటాయి. ప్రీ-మెడ్ అని మొదలుపెట్టి కంప్యూటర్ సైన్స్‌కి మారిన పిల్లలు ఇక్కడ ఇరుక్కుంటారు. కొన్ని కాలేజీలు కొత్త మేజర్‌కి పనికొచ్చే క్రెడిట్లనే లెక్కిస్తాయి. మీ కాలేజీ పాలసీలో ఆ మాట ఉందేమో వెతకండి. లేకపోతే అడ్వైజర్‌తో మిగిలిన కోర్సుల ప్లాన్ రాయించుకుని అప్పీల్‌కి జతచేయండి.

సమస్య: అప్పీల్ తిరగ్గొట్టారు

అప్పీల్‌లో రెండు ప్రశ్నలకు జవాబుండాలి: ఎందుకు తప్పింది, ఇప్పుడేం మారింది. బంధువు మరణం, విద్యార్థి అనారోగ్యం లేదా గాయం, అలాంటి ఇతర ప్రత్యేక పరిస్థితులు కారణాలుగా పనికొస్తాయి. మనవాళ్ల ఉత్తరాల్లో మొదటిది మూడు పేజీలుంటుంది, రెండోదానికి ‘ఇకపై కష్టపడి చదువుతాను’ అని ఒక్క వాక్యం. తిరస్కరించేది ఎక్కువగా అక్కడే. ‘అక్టోబరులో తాతయ్య చనిపోతే గుంటూరు వెళ్లాను, మూడు వారాల క్లాసులు పోయాయి, రెండు కోర్సులు వదిలేశాను. ఈసారి 12 క్రెడిట్లే తీసుకుంటున్నాను, కాల్క్యులస్‌కి వారానికి రెండుసార్లు ట్యూటరింగ్ సెంటర్‌లో పేరు ఇచ్చాను, ప్లాన్ మీద అడ్వైజర్ సంతకం ఉంది’ అన్నట్టు ఉండాలి. మరణ ధ్రువపత్రం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, దానితో విమానం టికెట్ కాపీ పెట్టండి.

ఒప్పుకుంటే ప్రొబేషన్ ఇస్తారు, అంటే ఒక సెమిస్టర్ పాటు ఎయిడ్ మళ్లీ వస్తుంది. ఒక్క సెమిస్టర్‌లో అంకెలు అందవని తెలిస్తే అకడమిక్ ప్లాన్ ఇస్తారు. ఆ ప్లాన్‌లో ఒక్క షరతు తప్పినా మళ్లీ మొదటికే. అందుకే అందులో పెట్టిన క్రెడిట్ల సంఖ్య పిల్లాడు మోయగలిగేదేనా చూసుకోండి.

సమస్య: శాప్ పాసే, రాష్ట్రం ఇచ్చే డబ్బు ఆగింది

రాష్ట్రాల రూల్స్ వేరు. జార్జియాలో హోప్ స్కాలర్‌షిప్‌కి 3.0 జీపీఏ ఉండాలి. 30, 60, 90 క్రెడిట్ల దగ్గర చూస్తారు. టెక్సస్ గ్రాంట్‌కి మొదటి ఏడాది దాటాక 2.5 జీపీఏ, 75 శాతం పేస్, ఏడాదికి 24 క్రెడిట్లు కావాలి. ఫెడరల్ శాప్ 67 శాతంతో పాసై, టెక్సస్ గ్రాంట్ పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

అప్పీల్ నిర్ణయానికి వారాలు పట్టొచ్చు. ట్యూషన్ గడువు మాత్రం దానికోసం ఆగదు. క్లాసులు రద్దు కాకుండా అప్పీల్ పంపిన రోజే ఫీజుల ఆఫీసులో వాయిదాల ప్లాన్ అడగండి. ఎయిడ్ వచ్చాక కట్టిన డబ్బు ఎలా సర్దుతారో కూడా అప్పుడే మెయిల్‌లో రాయించుకోండి.