బుల్లి రైలింజను బాయిలర్‌లో పొడి ఆవిరి పొందడం ఎలా?

కుక్కరులో నీళ్లు ఎక్కువైతే విజిల్‌తో పాటు గంజి కూడా చిమ్ముతుంది. ఐదు అంగుళాల గేజ్ (పట్టాల మధ్య దూరం) మీద నడిచే బుల్లి ఇంజను బాయిలర్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆవిరితో కలిసి వెళ్లిన నీరు సిలిండర్‌లోని నూనెను కడిగేస్తుంది. నీరు అణగదు కాబట్టి, ఎక్కువైతే సిలిండర్ మూతనే పగలగొడుతుంది.

మొదట ఆవిరి తీసుకునే చోటు నిర్ణయించండి. నీటి మట్టానికి అది ఎంత ఎత్తున ఉంటే ఆవిరి అంత పొడిగా వస్తుంది. బాయిలర్ మీద బుడిపెలా లేచి ఉండే డోమ్ ఉన్నది అందుకే. సిలిండర్‌కు వెళ్లే ఆవిరిని అదుపు చేసే రెగ్యులేటర్ గొట్టం నోరు డోమ్ పైకప్పుకు దగ్గరగా ఉండాలి. డోమ్ లేకపోతే బాయిలర్ లోపల పైభాగం పొడవునా ఒక గొట్టం అమర్చి, దాని పైవైపు మాత్రమే సన్నని రంధ్రాలు వేయండి. ఒకే చోట గుంజకుండా ఆవిరిని అన్ని చోట్ల నుంచీ కొద్దికొద్దిగా తీసుకుంటుంది.

సేఫ్టీ వాల్వ్‌ను ఆ చోటికి దూరంగా పెట్టండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. తిరుపతిలో మా పెరటి పట్టాల మీద నడిపిన మొదటి ఇంజనుకు డోమ్ పక్కనే బిగించాను. వాల్వ్ లేచిన ప్రతిసారీ దాని కింద నీరు ఉబికి రెగ్యులేటర్‌లోకి దూరేది, పొగగొట్టం నుంచి జల్లు పడేది. వాల్వ్‌ను బిగించే బుష్‌ను (బాయిలర్‌కు అతికిన మరల కట్టును) మరో చోటికి మార్చాక ఆగిపోయింది.

బుష్‌లకు ఇత్తడి వద్దు, కంచు వాడండి. వేడి నీటిలో ఇత్తడిలోని జింకు క్రమంగా పోయి లోహం గుల్లబారుతుంది. నీటి గేజ్ (బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టం) పై కొనకు విడిగా ఒక బుష్ ఇవ్వండి. బ్లోయర్ (పొగగొట్టంలోకి ఆవిరి చిమ్మి నిప్పును రాజేసేది), ఇంజెక్టర్ (బాయిలర్‌లోకి నీరు ఎక్కించేది) ఆవిరి తీసుకునే గొట్టానికే దాన్ని కలిపితే అవి తెరిచినప్పుడు గేజ్ తప్పుడు మట్టం చూపిస్తుంది.

నిప్పు పెట్టే ముందు బాయిలర్‌ను గాలి లేకుండా చల్లటి నీటితో నింపి, నడిపే పీడనానికి రెట్టింపు వరకు పంపుతో పరీక్షించండి. గాలితో మాత్రం ఎన్నడూ పరీక్షించకండి.

పాకాల మీదుగా మీటర్ గేజ్ ఆవిరి బండ్లు తిరిగిన రోజుల్లో, కదిలేటప్పుడు చక్రాల దగ్గర బుస్సుమని తెల్లగా చిమ్మేది. సిలిండర్‌లో పేరుకున్న నీరు పోవడానికి డ్రైవరు కావాలనే సిలిండర్ కాక్‌లు (చిన్న కుళాయిలు) తెరిచేవాడు. మీరూ అలాగే తెరిచి బయలుదేరండి. గేజ్‌లో నీరు సగం దాటనివ్వకండి, ఎత్తు పల్లాల్లో అది ఒక కొనకు చేరుతుంది.

చివరగా నీళ్లు. మా బోరు నీటిని మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీటిలో లవణాలు చిక్కబడేకొద్దీ నురుగు లేస్తుంది, అప్పుడు వాల్వ్ ఎక్కడ పెట్టినా తడి ఆవిరే. అందుకే ఈశాన్య రుతుపవనాల వానలకు మేడ మీద నీళ్లు పట్టి, వడకట్టి, మూత ఉన్న డబ్బాలలో దాచుకుంటాను.