పాప్‌కార్న్ పేలకపోవడం, సాగడం: నాకు పనిచేసిన పద్ధతి (నా అనుభవం)

చిప్స్ మానేసి పాప్‌కార్న్ తిందామనుకుంటే, ఇంట్లో చేసినప్పుడల్లా సగం గింజలు పేలేవి కావు, పేలినవి రబ్బరులా సాగేవి, ఆ రుచి సరిచేయడానికి వెన్న మీద వెన్న పడేది, ఇక ఆరోగ్యం మాటెక్కడ?

అసలు కీలకం గింజలోని తేమ. మంచి గింజలో దాదాపు 14 శాతం నీరుంటుంది, సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ ఆవిరి ఒత్తిడికి పొట్టు బద్దలవుతుంది. గింజ ఎండిపోతే ఆ ఒత్తిడి రాదు. అందుకని గింజల్ని గాజు సీసాలో పోసి, ఒక చెంచా నీళ్లు చల్లి, మూత బిగించి బాగా కుదిపి కొన్ని రోజులు అలాగే వదిలేశాను, ఆ తర్వాత గిన్నె అడుగున పేలని గింజలు చాలా తగ్గాయి.

సాగడానికి కారణం గిన్నె లోపలే తిరిగే ఆవిరి. మూత కాస్త ఓరగా పెడితే చాలు. మందపాటి గిన్నెలో చెంచా నూనె వేసి, ముందు మూడు గింజలు వేయండి, అవి టప్పున పేలాకే మిగతావి. చప్పుళ్ల మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే దించేయాలి.

ఉప్పు మిక్సీలో మెత్తగా పొడి చేస్తే కొంచెమే సరిపోతుంది, బాగా అంటుకుంటుంది కూడా, వెన్న అవసరమే రాలేదు. పాప్‌కార్న్ అంటే పొట్టుతో సహా పూర్తి ధాన్యం, పీచు బాగా ఉంటుంది, ఆ మంచిని నూనెలో ముంచడం నాకు ఇష్టం లేదు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది.